ఇనుప పిడికిలి నుంచి ద్రాక్షపండు దాకా

యుద్ధం చేతిని లాక్కోవడానికి ఒక్క క్షణం చాలు. ఆ చేతికి బదులు మరో చేయి చేయడానికి మనిషి రెండు వేల ఏళ్లుగా కుస్తీ పడుతున్నాడు. మొండికి కట్టిన ఇనుప చేయి, మీట నొక్కితే విప్పుకునే పిడికిలి, రాకెట్ ఇంధనంతో లేచే మోచేయి, మనసులో అనుకుంటే కదిలే వేళ్లు... ఒకదాన్ని మించింది ఒకటి! అతి పాతది, అతి బలమైనది, అతి వేగమైనది, అతి తేలికైనది... వరసగా చూద్దాం రండి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. గట్టిగా పట్టడం మనిషి ఏనాడో సాధించాడు. మెత్తగా పట్టడమే అసలు పందెం.

అతి పాత కథ

పోరులో తెగిన అవయవానికి బదులు మరొకటి అమర్చిన కథల్లో అతి పాతవాటిని వెతికితే మన ఋగ్వేదంలోనే ఒకటి దొరుకుతుంది. యుద్ధంలో విశ్పల కాలు తెగిపడింది. దేవవైద్యులైన అశ్వినులు ఆమెకు లోహపు కాలు అమర్చి మళ్లీ కదనానికి నడిపించారు. ఈ కథ వయసు మూడు వేల ఏళ్ల పైమాటే! మోటారు లేని, బ్యాటరీ లేని కాలమది. పోయిన అవయవాన్ని తిరిగి తేవచ్చన్న ఊహ మాత్రం అప్పటికే పుట్టేసింది.

అతి పాత ఇనుప చేయి

రోమన్ సేనాని మార్కస్ సెర్జియస్. రెండో ప్యూనిక్ యుద్ధంలో, అంటే క్రీస్తుకు పూర్వం 218-201 మధ్య, కుడి చేయి పోయింది. రెండు దండయాత్రల్లో ఒంటిమీద 23 గాయాలు. శత్రు సేనాని హానిబాల్‌కు రెండుసార్లు బందీగా చిక్కాడు, రెండుసార్లూ తప్పించుకున్నాడు. ఎడమ చేత్తోనే నాలుగు పోరాటాలు చేశాడు. తర్వాత ఇనుప చేయి చేయించుకుని, మొండికి కట్టించుకుని మళ్లీ రణరంగంలోకి దిగాడు. శత్రువుల 12 శిబిరాలను పట్టుకున్నాడు! ఇదంతా రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టిన లెక్క.

ఎక్కువ కాలం తోడున్న పిడికిలి

జర్మన్ యోధుడు గెట్స్ ఫాన్ బెర్లిషింగెన్. 1504లో లాండ్స్‌హూట్ ముట్టడిలో ఫిరంగి దెబ్బకు కుడి చేయి పోయింది. 1562లో కన్నుమూసే దాకా, మొత్తం 58 ఏళ్లు, ఇనుప చేత్తోనే బతికాడు. ఆయన వాడిన రెండో చేయి బరువు దాదాపు కిలోన్నర. లోపల స్ప్రింగులు, పళ్ల చక్రాలు. మంచి చేత్తో వేళ్లను వంచితే అలాగే బిగుసుకుపోతాయి. మీట నొక్కితే టక్కున విప్పుకుంటాయి. కత్తి పట్టింది, గుర్రం కళ్లెం పట్టింది. దాదాపు 500 ఏళ్లయినా ఆ చేయి చెక్కుచెదరలేదు. జర్మనీలోని యాగ్స్‌ట్‌హౌజెన్‌లో నేటికీ భద్రంగా ఉంది.

ఖజానాలో అతి పెద్ద వాటా

1861-65 అమెరికా అంతర్యుద్ధంలో తెగిన కాళ్లూ చేతులూ దాదాపు 60,000! గాయపడ్డ సైనికుడికి కొత్త చేయి కొనుక్కోవడానికి 50 డాలర్లు, కాలికి 75 డాలర్లు అని 1862లో వాషింగ్టన్ ప్రభుత్వం లెక్క కట్టింది. అసలు రికార్డు మిసిసిపీ రాష్ట్రానిది. 1866లో ఆ రాష్ట్రం తన ఆదాయంలో అయిదో వంతును కృత్రిమ అవయవాలకే ఖర్చుపెట్టింది. ప్రతి వంద డాలర్లలో ఇరవై! రాష్ట్ర ఖజానాలో ఇంత వాటా కృత్రిమ అవయవాలకు పోయిన ఉదాహరణ మరొకటి చెప్పడం కష్టం.

అలుపెరగని కొక్కెం

రెండుగా చీలిన ఉక్కు కొక్కెం. రంపపు మిల్లులో చేయి పోగొట్టుకున్న అమెరికన్ డి.డబ్ల్యు. డోరెన్స్ తనకోసం తానే చేసుకున్నాడు. పేటెంట్ పుచ్చుకున్నది 1912లో. భుజాన్ని ముందుకు కదిపితే తీగ లాగుతుంది, కొక్కెం తెరుచుకుంటుంది. వదిలితే మూసుకుంటుంది. అంతే! బ్యాటరీ సున్నా, మోటార్లు సున్నా, చార్జింగ్ సున్నా. రెండు ప్రపంచ యుద్ధాలు, వియత్నాం, ఇరాక్ అన్నీ చూసింది. 110 ఏళ్లు దాటినా ఇప్పటికీ వాడుకలో ఉంది.

రోబోలను ఓడించిన ముసలి మల్లుడు

2016 అక్టోబరు, స్విట్జర్లాండ్. సైబథ్లాన్ అనే పోటీలో అత్యాధునిక కృత్రిమ చేతులన్నీ బరిలోకి దిగాయి. బల్బు బిగించాలి, బ్రెడ్ కోయాలి, తాడు మీద బట్టలు ఆరేయాలి. మోటారు చేతులు, సెన్సర్ చేతులు, కంప్యూటర్ చేతులు పోటీ పడ్డాయి. గెలిచిందెవరు? నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ జట్టు. వాడిందేమిటి? భుజంతో తీగ లాగే కొక్కెం! తీగ బిగువును బట్టి పట్టు ఎంత ఉందో మనిషికి భుజంలోనే తెలిసిపోతుంది. స్పర్శ తెలిసిన పాత చేయి స్పర్శ తెలియని కొత్త చేతుల్ని మట్టి కరిపించింది.

ఒకే పాత్ర, రెండు ఆస్కార్లు

1944 జూన్ 6. అమెరికా సైనిక శిబిరంలో శిక్షణ ఇస్తుండగా పేలుడు పదార్థం పేలి హెరాల్డ్ రస్సెల్ రెండు చేతులూ పోయాయి. రెండు కొక్కేలు తొడిగించుకున్నాడు. రెండేళ్లకే, 1946లో, ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ సినిమాలో చేతులు కోల్పోయిన నావికుడిగా నటించాడు. ఉత్తమ సహాయ నటుడిగా ఒక ఆస్కార్, తోటి సైనికుల్లో ధైర్యం నింపినందుకు మరో ఆస్కార్! ఒకే పాత్రకు రెండు ఆస్కార్లు అందుకున్న నటుడు చరిత్రలో ఇతనొక్కడే. జైపూర్ కాలితో నాట్యమాడిన సుధా చంద్రన్ తన కథలో తానే నటించిన మన ‘మయూరి’ని ఇష్టపడ్డవాళ్లకు ఈ గెలుపు విలువ వేరే చెప్పక్కర్లేదు.

కరెంటు చేతుల పెద్దన్న

కండరం బిగిసినప్పుడల్లా అందులో విద్యుత్తు పుడుతుంది. ఎంత? వోల్టులో వెయ్యో వంతు స్థాయిలో! అంత సన్నటి సంకేతాన్ని పట్టుకుని చేతిని కదిలించవచ్చని జర్మనీలో రైన్‌హోల్డ్ రైటర్ చేసి చూపించాడు. తన పరిశోధనను 1948లో ప్రచురించాడు. అప్పటి పరికరం ఒంటికి తగిలించుకుని తిరిగేది కాదు, బల్లకే పరిమితం. ట్రాన్సిస్టర్లు వచ్చాక 1960 ప్రాంతంలో సోవియట్ శాస్త్రవేత్తలు దాన్ని మనిషి వెంట నడిచేలా చేశారు. నేటి రోబో చేతుల్లో ఎక్కువ భాగం నడిచేది ఇదే సూత్రం మీద.

అయిదు వేళ్లకు అయిదు మోటార్లు

దశాబ్దాల పాటు కరెంటు చేయి అంటే పటకారే. తెరుచుకోవడం, మూసుకోవడం, అంతకుమించి రాదు. 2007లో స్కాట్లాండ్ నుంచి ‘ఐ-లింబ్’ దిగింది. బొటనవేలికి ఒక మోటారు, చూపుడువేలికి ఒకటి, అలా అయిదింటికీ వేర్వేరుగా! ఏ వేలికి వస్తువు తగిలితే ఆ వేలు ఆగుతుంది, మిగిలినవి ముడుచుకుంటూనే ఉంటాయి. ఏ వేలికావేలు విడిగా కదిలే చేతుల్లో మార్కెట్లోకి వచ్చిన మొట్టమొదటిది ఇదే. ఇరాక్ యుద్ధంలో చేయి కోల్పోయిన సైనికులు దీన్ని ముందుగా తొడుక్కున్నవాళ్లలో ఉన్నారు.

అతి ఖరీదైన పంతం

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో 1,600 మందికి పైగా అమెరికా సైనికులు కాలో చెయ్యో పోగొట్టుకున్నారు. కాళ్లకు కంప్యూటర్ మోకాళ్లు వచ్చేశాయి. చేతులకు మాత్రం చాలావరకు ఇంకా 1912 నాటి కొక్కెమే గతి! ఇది సహించలేక అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2006లో పెద్ద పథకం మొదలుపెట్టింది. ఖర్చు 10 కోట్ల డాలర్ల పైమాటే. రెండు జట్లు బరిలో దిగాయి. ఒకటి డీన్ కామెన్‌కు చెందిన డెకా సంస్థ, రెండోది జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాల. డెకా ఒక్కదానికే 4 కోట్ల డాలర్లకు పైగా అందాయి. కృత్రిమ చేతి కోసం ఇంత సొమ్ము అంతకుముందు ఎన్నడూ కుమ్మరించలేదు.

ఆమోద ముద్రలో ప్రథముడు

డెకా చేతి పేరు ‘ల్యూక్’. ‘స్టార్ వార్స్’ సినిమాలో చేయి తెగి కొత్త చేయి పొందిన వీరుడి పేరు అది. పెద్దవాళ్ల చేయి ఎంత బరువో ఇదీ అంతే. మోటారుతో కదిలే కదలికలు 10 దాకా ఉన్నాయి. మాజీ సైనికుల ఆస్పత్రులు చేసిన పరీక్షలో 36 మంది దీన్ని తొడుక్కున్నారు. పాత చేత్తో చేయలేని పనులను వారిలో దాదాపు 90 శాతం మంది దీనితో చేసి చూపించారు. 2014 మే 9న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పచ్చజెండా ఊపింది. కండరాల సంకేతాలు అందుకుని ఒకేసారి అనేక కదలికలు చేసే చేతికి ఆ సంస్థ ఆమోదం దక్కడం అదే మొదటిసారి.

అతి సుదీర్ఘ నిరీక్షణ

అమెరికా సైనికుడు ఫ్రెడ్ డౌన్స్. 1968లో వియత్నాంలో మందుపాతర పేలి ఎడమ చేయి పోయింది. కొక్కెంతో జీవితం గడిపాడు. అంతేనా? మాజీ సైనికులకు కృత్రిమ అవయవాలు అందించే విభాగానికే దశాబ్దాల పాటు అధిపతిగా ఉండి వేలమందికి కాళ్లూ చేతులూ ఇప్పించాడు. 2017 జూన్ 30న న్యూయార్క్‌లో ల్యూక్ చేతులు అందుకున్న తొలి ఇద్దరు మాజీ సైనికుల్లో ఆయన ఒకడు. గాయానికీ, రోబో చేతికీ మధ్య 49 ఏళ్లు!

చేతిని నడిపే పాదాలు

భుజం దగ్గరే చేయి తెగితే సంకేతాలిచ్చే చేతి కండరాలే మిగలవు. మరి ల్యూక్ చేతి 10 కదలికల్ని నడిపేదెలా? డెకా ఇంజినీర్లు కాళ్ల వైపు చూశారు. బూటు మీద చిన్న సెన్సర్. పాదం ముందుకు వంచితే చేయి ఒక వైపు, పక్కకు తిప్పితే మరో వైపు కదులుతుంది. నడక మొదలుపెడితే చేయి దానంతటదే ఆగిపోతుంది. లేదంటే అడుగడుక్కీ చేయి ఊగిపోదూ! కారును కాళ్లతో, చేతులతో కలిపి నడిపినట్టే ఇదీ అలవాటైపోతుంది.

కీళ్లలో, కండబలంలో మొనగాడు

జాన్స్ హాప్కిన్స్ జట్టు చేసిన ‘మాడ్యులర్ ప్రోస్థెటిక్ లింబ్’. కీళ్లు 26. అందులో 17 స్వతంత్రంగా కదులుతాయి. సెన్సర్లు 100కు పైగా. బరువు సుమారు 4 కిలోలు. ఎత్తే బరువు సుమారు 20 కిలోలు. అంటే ఇంటికొచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ను నిండుగా ఉండగానే లేపేస్తుంది. తన బరువుకు అయిదింతలు! గెట్స్ ఇనుప చేతికి స్ప్రింగులే నరాలు. దీనికి ప్రతి కదలిక వెనకా ఒక కంప్యూటర్ కాపలా.

దారి మళ్లిన నరాలు

చేయి పోయినా చేతికి వెళ్లే నరాలు బతికే ఉంటాయి. వాటిని ఛాతీ కండరాలకు మళ్లిస్తే? షికాగో వైద్యుడు టాడ్ క్యూకెన్ 2002లో ఆ పని చేశాడు. కరెంటు తీగల పనిలో రెండు చేతులూ కోల్పోయిన జెస్సీ సల్లివన్ తొలి వ్యక్తి. “పిడికిలి బిగించు” అని మనసులో అనుకుంటే ఛాతీ కండరం బిగుస్తుంది, ఆ సంకేతంతో రోబో పిడికిలి ముడుచుకుంటుంది. తొలి మహిళ క్లాడియా మిచెల్, మాజీ మెరీన్ సైనికురాలు. మరో వింత వినండి. ఆమె ఛాతీ మీద ఒక చోట తాకితే, లేని చేతిని తాకినట్టు తెలిసేది!

ఒకేసారి రెండు భుజాలు

2014లో లెస్ బా అనే వ్యక్తి రెండు భుజాలకూ రెండు హాప్కిన్స్ చేతులు తగిలించుకుని, మనసులోని ఆలోచనతోనే రెండింటినీ ఒకేసారి కదిపాడు. భుజాల దాకా రెండు చేతులూ లేనివారిలో ఈ ఘనత సాధించిన మొదటివాడు. విద్యుత్ ప్రమాదంలో చేతులు పోయి అప్పటికి 40 ఏళ్లు. కప్పును ఒక అర మీంచి తీసి మరో అరలో పెట్టడం ఆయన చేసిన పని. మనకు రెండు క్షణాల పని. ఆయనకు నాలుగు దశాబ్దాల తర్వాత దక్కిన పని.

అతి విచిత్ర ఇంధనం

హైడ్రోజన్ పెరాక్సైడ్! అంతరిక్ష నౌకల్లో వాడే రాకెట్ మోటారు సూత్రాన్ని పెన్సిలంత పరిమాణానికి కుదించి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2007లో ఒక చేయి తయారుచేసింది. ఎత్తే బరువు 9 నుంచి 11 కిలోలు. నాటి మార్కెట్ చేతులకు మూడు నాలుగు రెట్లు బలం, మూడు నాలుగు రెట్లు వేగం. చిన్న డబ్బా ఇంధనంతో 18 గంటల పని. వచ్చే ఆవిరి చేతి పైపొర లోంచి చెమటలా బయటికి పోతుంది. చెమట పట్టే రోబో చేయి, నమ్మగలరా!

అతి చిన్న సారథి

ఒక్కో పక్క 4 మిల్లీమీటర్లున్న చిన్న పలక. పెసరగింజ అంత! దాని మీద 96 ఎలక్ట్రోడ్లు. 2012లో పిట్స్‌బర్గ్‌లో ఇలాంటివి రెండింటిని పక్షవాతం వచ్చిన జాన్ షూర్‌మన్ మెదడులో అమర్చారు. తలచుకోగానే హాప్కిన్స్ చేయి కదిలింది. చాక్లెట్ ముక్కను నోటికి అందించింది. ఆ తర్వాత ఆమె అవే సంకేతాలతో ఎఫ్-35 యుద్ధ విమానపు సిమ్యులేటర్‌నే నడిపింది. ఈ సంగతి 2015లో లోకానికి చెప్పింది డార్పా నాటి అధిపతి, ఢిల్లీలో పుట్టిన ఆరతీ ప్రభాకర్. 2016లో నేథన్ కోప్‌ల్యాండ్ ఇంకో మెట్టు ఎక్కాడు. రోబో వేళ్లను తాకితే అతని మెదడుకు తెలిసింది. ఆ చేత్తోనే అధ్యక్షుడు ఒబామా పిడికిలికి పిడికిలి తాకించాడు.

అతి సున్నిత స్పర్శ

కిరీటాల్లోకెల్లా కష్టమైన కిరీటం ఇదే. 2019లో యూటా విశ్వవిద్యాలయం ల్యూక్ చేతికి స్పర్శ నేర్పింది. మొండి చేతిలోని నరాల్లో 100 సూక్ష్మ ఎలక్ట్రోడ్ల పలకను గుచ్చి, రోబో వేళ్ల సెన్సర్లను వాటికి కలిపారు. ఏమైంది? తొడుక్కున్న వ్యక్తి ద్రాక్షపండును చిదమకుండా గుత్తి నుంచి తెంపాడు. గుడ్డును పగలకుండా పట్టుకున్నాడు. పెళ్లి ఉంగరం తొడుక్కున్నాడు. 20 కిలోలు ఎత్తే చేయి ఒక అద్భుతం. కొన్ని గ్రాముల పండును నలపని చేయి అంతకు మించిన అద్భుతం. క్లీవ్‌లాండ్ మాజీ సైనికుల ఆస్పత్రిలో ఇలాంటి ప్రయోగమే 2012లో మొదలైంది. అక్కడి పరీక్ష చెర్రీ పండు తొడిమ తీయడం.

రెప్పపాటు వీరుడు

అమెరికాలో తయారయ్యే ‘ఎబిలిటీ హ్యాండ్’. వేళ్లు ముడుచుకోవడానికి పట్టే సమయం 0.2 సెకను. రెప్ప వేసి తీసేలోగా పని పూర్తి! బరువు సుమారు అర కిలో. వేలి చివర ఒత్తిడి పడితే చర్మానికి ఆనుకున్న చిన్న మోటారు వణికి కబురు చెబుతుంది. ముందుగా తొడుక్కున్నవాళ్లలో ఇరాక్‌లో కుడి చేయి పోగొట్టుకున్న అమెరికా సైనికుడు ఒకడు.

తేలికల్లో తేలిక

ఉక్రెయిన్‌లో పుట్టిన ‘ఎస్పర్ హ్యాండ్’ బరువు 380 గ్రాములు. గెట్స్ చేతితో పోలిస్తే నాలుగో వంతు! 2022లో రష్యా దండెత్తాక ఆ దేశంలో వేలకు వేల మంది కాళ్లూ చేతులూ కోల్పోయారు. 2023 ఏప్రిల్‌లో ల్వీవ్ దగ్గర ‘సూపర్‌హ్యూమన్స్’ అనే కేంద్రమే వెలిసింది. నేడు రోబో చేతుల అవసరం అతి ఎక్కువగా ఉన్న చోట్లలో ఉక్రెయిన్ ఒకటి.

పదమూడు గంటల కత్తిసాము

రోబో వద్దు, మనిషి చేతులే కావాలన్న వీరుడు బ్రెండన్ మరాకో. 2009లో ఇరాక్‌లో బాంబు పేలి రెండు కాళ్లూ రెండు చేతులూ పోయాయి. అలా నాలుగూ పోయి ఇరాక్ నుంచి బతికి బయటపడ్డ తొలి అమెరికా సైనికుడు. 2012 డిసెంబరులో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో 16 మంది వైద్యులు 13 గంటలు శ్రమించి ఒకే దాత నుంచి తీసుకున్న రెండు చేతులూ అతికించారు. అతికించిన చేతుల్లోకి నరాలు ఎదగాలి. అది రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున సాగే ప్రయాణం. అందుకే గెలుపు నెలల్లో కాదు, ఏళ్లలో వచ్చింది.

ఎముకలో నాటిన చేయి

తొడుగు బిగిస్తే చెమట, రాపిడి, పుండ్లు. దీనికి స్వీడన్ విరుగుడు కనిపెట్టింది. టైటానియం ఎముకతో కలిసిపోతుందని 1952లో అక్కడి శాస్త్రవేత్త బ్రోనెమార్క్ గమనించాడు. 2013లో ఒక స్వీడిష్ ట్రక్కు డ్రైవరు ఎముకలోనే లోహపు కడ్డీ దించి, దాని గుండానే నరాలకూ కండరాలకూ తీగలు కలిపి రోబో చేయి బిగించారు. అలా ఎముకతో, నరంతో కలిపి అమర్చిన చేతుల్లో ప్రపంచంలోనే మొదటిది అది.

మన గడ్డ మీది మేటి

రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం 1944లో పుణెలో కృత్రిమ అవయవాల కేంద్రం మొదలైంది. 80 ఏళ్లు దాటినా మన జవాన్లకు అదే పెద్ద దిక్కు. బరువు తగ్గించడంలో కిరీటం మాత్రం హైదరాబాద్‌ది. నిమ్స్ ఆస్పత్రిలో పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా ఉన్న క్యాలిపర్లను ఈడ్చుకుంటూ నడవడం చూసిన అబ్దుల్ కలాం, అగ్ని క్షిపణికి వాడిన తేలికైన పదార్థంతో వాటిని 300 గ్రాములకు దించారు. పదో వంతు! ఇప్పుడు అదే నగరంలో మేకర్స్ హైవ్ సంస్థ 3డి ప్రింటింగ్‌తో 18 రకాల పట్లు పట్టే ‘కల్‌ఆర్మ్’ చేతిని, విదేశీ చేతుల కంటే బాగా తక్కువ ధరకు తెచ్చింది.

ఓడని ఛాంపియన్

ఎముకలు 27. అరచేతి వైపు చర్మంలో స్పర్శ తెలిపే నరాల కొసలు సుమారు 17,000! హాప్కిన్స్ చేతిలో సెన్సర్లు 100 పైచిలుకు అని చదివారు కదా. అంటే ప్రకృతి ఇచ్చిన చేయి వంద రెట్లకు పైగా ముందుంది. చార్జింగ్ అక్కర్లేదు, గాయమైతే తనంతట తానే మానుతుంది. ఇంజినీర్లందరూ వెంటాడుతున్న రికార్డు మన మణికట్టు కిందే ఉంది.

ఖాళీగా ఉన్న గడి

ఇన్ని కిరీటాలు పంచాక ఒకటి మిగిలిపోయింది. “అతి ఎక్కువ మంది సైనికులకు చేరిన రోబో చేయి” అన్న గడిలో రాయడానికి నేటికీ గర్వంగా చెప్పే పేరు లేదు. స్పర్శ తెలిసే చేతుల్లో ఎక్కువ భాగం ఇంకా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. బయటికొచ్చిన వాటి ధర మామూలు జవాను జేబుకు అందదు. 1866లో యుద్ధంతో చితికిపోయిన మిసిసిపీ తన ఆదాయంలో అయిదో వంతు తీసిపెట్టగలిగింది. నేటి దేశాలు అందులో చిన్న భాగం తీసిపెట్టినా చాలు, చేయి పోగొట్టుకున్న ప్రతి సైనికుడూ పండును నలపకుండా పట్టే చేతిని తొడుక్కోవచ్చు. ఆ పని ముందు ఏ దేశం చేస్తే, ఈ జాబితాలో మొదటి పేరు ఆ దేశానిదే.